ఎక్స్‌ఎస్‌ఎల్‌టి భాషయందు ప్రమాణమును నిర్మాతల పొడిగింపులును

వరల్డ్ వైడ్ వెబ్ కన్సార్షియమువారు 1999వ సంవత్సరము నవంబరు 16వ తేదీని ఎక్స్‌ఎస్‌ఎల్‌టి 1.0 అను భాషను తమ సిఫారసుగాఁ బ్రకటించిరి. ఎక్స్‌ఎమ్‌ఎల్ గ్రంథములకు రూపము కల్పించు స్టైల్‌షీట్లు వ్రాయుటకై యేర్పడిన భాష యిది. ఆ ప్రకటనమునకు ఎనిమిది నెలలు ముందే, ఇంచుమించుగా నిదే పేరు ధరించి, ఇదే రూపము దాల్చి, దీనితోఁ బొసఁగని వేఱొక భాష లోకమునఁ బ్రచారమునకు వచ్చి యుండెను. మైక్రోసాఫ్టువారి ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ 5 అను బ్రౌజరు 1999 మార్చి నెలలో వెలువడినది. దానిలోని స్టైల్‌షీటు భాష 1998 డిసెంబరు నాఁటి ముసాయిదాను బట్టి, కొన్ని స్వంతపు చేర్పులతోఁ గూర్పఁబడినది. వ్యాకరణము ముగియకమునుపే దాని చిత్తుప్రతిని బట్టి బడులలోఁ బాఠములు మొదలిడినట్లయినది. ఆ చిత్తుప్రతితో నేర్చినవారు తరువాత ననేకవత్సరములు శ్రమపడిరి. వారు వ్రాసిన స్టైల్‌షీట్లు వారికంటెను నెక్కువ కాలము నిలిచి, వాని వెనుక వచ్చినవారిని శ్రమపెట్టినవి.

ఎక్స్‌ఎమ్‌ఎల్ పద్ధతి యనఁగా, గ్రంథపాఠమున ఏది శీర్షికయో, ఏది మూలమో, ఏది టీకయో, ఏది యుదాహరణమో గుఱుతులతోఁ దెలుపుచు వ్రాసికొనెడి పద్ధతి. అందు అక్షరముల పరిమాణమును, రంగును, పుటల కొలఁతయు నుండనక్కఱలేదు. అవి వేఱొక పత్రమున నుండును. ఆ పత్రమే స్టైల్‌షీటు. ఒక నిఘంటువు నీ రీతిగా వ్రాసి యుంచినచో, ఒక స్టైల్‌షీటుతో నది పుస్తకమగును. మఱియొకదానితోఁ దెరమీఁది పుట యగును. ఇంకొకదానితో ఆరోపముల పట్టిక మాత్రమే వెలువడును. మూలపాఠమున కెట్టి మార్పును గలుగదు. పాఠము ఏ యొక్క నిర్మాత యంత్రమునకును గట్టువడక యుండవలెనన్నదే యీ యేర్పాటున కుద్దేశము. స్టైల్‌షీటే యొక నిర్మాతకుఁ గట్టువడినచో, ముందువాకిట సాగనంపిన పరాధీనత దొడ్డిదారిని మరల లోనికి వచ్చును. ప్రమాణమును జవదాఁటి నిర్మాతలు చేర్చు పొడిగింపులను గుఱించిన చర్చ ఇరువదియైదేండ్లకుఁ బైగా ఆఱక నిలుచుటకుఁ గారణ మిదియే.

ఈ భాషకు వంశము చిన్నది గాదు. 1986లో ఐఎస్ఓ 8879 సంఖ్యతో వెలువడిన ఎస్‌జిఎమ్‌ఎల్ దీనికి మూలపురుషుఁడు. ఎస్‌జిఎమ్‌ఎల్ గ్రంథములకు రూపకల్పన చేయుటకై 1996లో డిఎస్ఎస్ఎస్ఎల్ అను అంతర్జాతీయ ప్రమాణ మేర్పడెను. అది స్కీమ్ భాష నాశ్రయించినది. శక్తి గలదే కాని, కుండలీకరణములతో నిండిన యా భాషను సాధారణముగా ముద్రణపు పని చేయువారు మచ్చికచేసికొనఁజాలరైరి. దాని కూర్పునఁ బ్రధానపాత్ర వహించిన జేమ్స్ క్లార్కు తరువాత ఎక్స్‌ఎమ్‌ఎల్ పనికిని, ఎక్స్‌ఎస్‌ఎల్‌టి 1.0 సంపాదకత్వమునకును బూనుకొనెను. ఎక్స్‌ఎమ్‌ఎల్ 1.0 సిఫారసైనది 1998 ఫిబ్రవరి 10న. దానికిని ముందే, 1997లో మైక్రోసాఫ్టు, ఇన్సో, ఆర్బర్‌టెక్స్టు సంస్థలు ఎక్స్‌ఎస్‌ఎల్ అను స్టైల్‌షీటు భాష కొక ప్రతిపాదనమును కన్సార్షియమునకు సమర్పించి యుండెను. ఆ ప్రతిపాదనమున ఎక్మాస్క్రిప్టు అను కార్యక్రమభాషకు స్థానము గలదు: స్టైల్‌షీటు చేయఁజాలని పనిని అందులోనే స్క్రిప్టు వ్రాసి చేయించుకొనవచ్చును. కన్సార్షియము చేతులలోఁ బడిన తరువాత నీ యంశము ప్రక్కకుఁ దొలఁగినది. భాషయే మూఁడు పాయలుగాఁ జీలినది: పరివర్తనమునకు ఎక్స్‌ఎస్‌ఎల్‌టి, గ్రంథభాగములను నిర్దేశించుటకు ఎక్స్‌పాత్, పుటాకల్పనమునకు ఎక్స్‌ఎస్‌ఎల్ ఫార్మాటింగ్ ఆబ్జెక్ట్సు. మొదటి రెండును 1999లో ఒకేనాఁడు సిఫారసులైనవి; మూఁడవది 2001 అక్టోబరులో.

ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ 5 ఈ నడిమి కాలమునఁ బుట్టినది. స్టైల్‌షీటు తానే భాషలో వ్రాయఁబడినదో తెలుపుట కొక చిరునామాను దాల్చును. ఎక్స్‌ప్లోరర్ 5 భాష చిరునామా కన్సార్షియమువారి పేరుతోనే యారంభమై, పని ముసాయిదా యను నర్థముగల సంకేతాక్షరములతో ముగియును. ఇది తాత్కాలికమని చూచినవారికిఁ దెలియవలసినదే. కాని చిరునామాలను జదివి వ్రాయువారరుదు, చూచి యెత్తివ్రాయువారే మెండు. లోపలి భేదములు చిన్నవిగావు. వస్తువులను వరుసఁబెట్టుటకు ప్రమాణమున సార్ట్ అను ప్రత్యేకపు ఎలిమెంటు గలదు. ఎక్స్‌ప్లోరర్ 5నందు అది ఆర్డర్-బై యను ఆట్రిబ్యూటు. ప్రమాణమునందలి వేరియబుల్ దానియందు లేదు. దానియందలి ఇవాల్, స్క్రిప్ట్ అను ఎలిమెంట్లు ప్రమాణమున లేవు. అన్నిటికంటెఁ దికమక పెట్టినది మఱియొకటి. వ్రాసినవాఁడు సూత్రము చెప్పని చోట్ల నేమి చేయవలెనో ప్రమాణము తానే కొన్ని సహజనియమములను విధించినది. ఆ నియమములవలన ప్రాసెసరు గ్రంథములోనికిఁ దిగుచుఁ బోవును. ఎక్స్‌ప్లోరర్ 5నందు ఆ నియమములు లేవు. అందుచేత ప్రమాణము చదివి వ్రాసినవాఁడు చిరునామా మాత్రము మార్చి దానియందుఁ బెట్టినచో, తఱచుగా ఖాళీపుట కనఁబడెడిది. తప్పు చెప్పునది లేదు, దోషసూచన లేదు. ఎక్స్‌ప్లోరర్ 5కై వ్రాసినదానిని ప్రమాణప్రాసెసరునకుఁ జూపినచో, అది దానిని స్టైల్‌షీటుగానే గుర్తింపదు.

ఇందు నిర్మాతలదే సర్వాపరాధమనుట న్యాయము గాదు. 1997 ప్రతిపాదనము వ్రాసినవారిలో మైక్రోసాఫ్టువారు గలరు, ఎక్స్‌ఎమ్‌ఎల్ 1.0 సంపాదకులు మువ్వురిలో ఒకఁడైన జాఁ పావోలి యా సంస్థవాఁడే. బ్రౌజరు వెలువడవలసిన దినము ముసాయిదాలు ముగియుదాఁక నాగదు. ఆ బ్రౌజరు లేనిచో వేలకొలఁది జనులకు స్టైల్‌షీట్లన్నవి గలవన్న యెఱుకయే యప్పటికిఁ గలుగకుండెడిదని చెప్పువారును గలరు. ఆ మాటయందు నిజము గలదు. కాని చేసిన పనియందలి దోషము త్వరపడుట గాదు. తమ స్వంతపు చేర్పులను సైతము కన్సార్షియము పేరుగల చిరునామా క్రిందనే యుంచుట దోషము. ఇవాల్ అను నెలిమెంటును జూచినవానికి అది ప్రమాణసిద్ధమో, నిర్మాత కల్పితమో తెలిసికొను మార్గము లేదు.

దిద్దుబాటు వెంటనే మొదలైనది గాని నెమ్మదిగా సాగినది. మైక్రోసాఫ్టువారు ఎమ్ఎస్ఎక్స్‌ఎమ్‌ఎల్ 3 అను ప్రాసెసరును 2000లో వెలువరించి, దానియందు ఎక్స్‌ఎస్‌ఎల్‌టి 1.0 ను జక్కఁగాఁ బొందుపఱచిరి. అయినను అది పాతదాని ప్రక్కన స్థాపింపఁబడెడిది. బ్రౌజరు పాతదానినే వాడుకొనుచుండెడిది. క్రొత్తదానిని బ్రౌజరు వాడవలెనన్న వేఱొక యుపకరణముతోఁ బాతదాని స్థానమున దీనిని నిలుపవలసి యుండెను. 2001లో ఎక్స్‌ప్లోరర్ 6 వచ్చినపిమ్మట నీ చిక్కు తీఱినది. పాతభాషను ఎమ్ఎస్ఎక్స్‌ఎమ్‌ఎల్ 3 సైతము గుర్తించుచుండెను. తరువాతిదైన 4వ కూర్పున దానిని దొలఁగించిరి. ముసాయిదా భాష యొకటి, తనకు మూలమైన ముసాయిదా చెల్లనిదై పోయిన తరువాతఁ గూడ ననేకవత్సరములు జీవించినది.

ప్రమాణకర్తలు పొడిగింపులను నిషేధింపలేదు. ఎక్స్‌ఎస్‌ఎల్‌టి 1.0 గ్రంథమున 14వ ప్రకరణము కేవలము పొడిగింపులకై వ్రాయఁబడినది. దానియందలి నియమము తెలుఁగువారికి సులభముగా బోధపడును. తెలుఁగునాట పేరునకు ముందు ఇంటిపేరు చెప్పుట యాచారము. ఒకే యూర నలువురు సుబ్బారావు లున్నను ఇంటిపేరు వారిని వేఱుపఱచును. నేమ్‌స్పేసు అనునది యిట్టి యింటిపేరే. అది సయితము పేరునకు ముందే నిలుచును. నిర్మాత యెన్ని పొడిగింపులనైనను జేర్చుకొనవచ్చును, గాని వానికిఁ దన యింటిపేరు పెట్టవలెను. ప్రమాణపు టింటిపేరు పెట్టరాదు. ఆ యింటిపేరు పొడిగింపుల కుపయోగింపఁబడుచున్నదని స్టైల్‌షీటు ముందుగాఁ జెప్పవలెను. ఫలానా పొడిగింపు ఈ ప్రాసెసరునందుఁ గలదా యని యడిగి తెలిసికొనుటకు రెండు ఫంక్షన్లు గలవు. లేనిచో నేమి చేయవలెనో తెలుపుటకు ఫాల్‌బ్యాక్ అను నెలిమెంటు గలదు. ప్రాసెసరు నిర్మాత యెవరో కూడ స్టైల్‌షీటు ప్రశ్నించి తెలిసికొనవచ్చును. వ్యాకరణములలో బహుళమను మాట గలదు. సూత్రమునకు లొంగని ప్రయోగములన్నియు దాని గొడుగు క్రిందికి వచ్చును, ఏది యెక్కడిదో తెలియదు. 14వ ప్రకరణమువారు అట్టి గొడుగును బట్టక, ప్రయోగమునకుఁ గర్త నామధేయ మంటఁగట్టిరి.

ఈ నియమమున కెక్కువ పరీక్ష పెట్టినది నోడ్-సెట్ అను ఫంక్షను. ఎక్స్‌ఎస్‌ఎల్‌టి 1.0 నందు స్టైల్‌షీటు నడుమ నొక చిన్న వృక్షమును గల్పించి వేరియబులున నుంచుకొనవచ్చును. కాని దానిని మరల కొమ్మకొమ్మకును దిరిగి చూడరాదు. యథాతథముగా నకలు తీయవచ్చును, అక్షరముల వరుసగాఁ జదువవచ్చును. అంతకు మించి చేయరాదు. తాను నాఁటిన చెట్టును దా నెక్కరాదని నిషేధించినట్లున్నది. ఒక మెట్టు పని ముగించి దాని ఫలముతో రెండవ మెట్టు పని చేయఁగోరినవారికి ఇది పెద్ద యడ్డంకి. ఆ నిషేధమును దొలఁగించు ఫంక్షను నొక్కదానిని నిర్మాతలందఱును జేర్చిరి. అందఱును వేఱువేఱు ఇంటిపేర్లతోఁ జేర్చిరి. మైక్రోసాఫ్టువారిదొకటి, సాక్సన్‌దొకటి, అపాచీవారి జాలన్‌ది యొకటి, పేరు వ్రాఁతయందుఁ గూడ నొక గీఁత భేదముతో. వీనికిఁ దోడుగా ఎక్స్‌టి యను ప్రాసెసరుదొకటి. ఎక్స్‌టిని వ్రాసినవాఁడు ప్రమాణసంపాదకుఁడైన జేమ్స్ క్లార్కే. సంపాదకుఁడే తన సిఫారసునందు లేనిదానిని దన ప్రాసెసరునందుఁ జేర్చుకొనుట చూచి నవ్వినవారు గలరు. అది నవ్వఁదగిన విషయము గాదు: తన యింటిపేరుతోఁ జేర్చెను గాన తాను వ్రాసిన నియమమును దానే పాటించినట్లు. చిక్కు వేఱొకచోట నున్నది. పని యొక్కటియే యైనను నాలుగింటి ప్రాసెసర్లలో నడువవలసిన స్టైల్‌షీటు దానిని నాలుగు విధముల నడుగవలసి వచ్చెను.

పొడిగింపుల జోలికిఁ బోకయే పని సాధించినవారును గలరు. ఒకే రకపు వస్తువులను గుంపులుగాఁ గూర్చుటకు 1.0 ప్రమాణమున ఉపాయము చెప్పఁబడలేదు. ఒరకిల్ సంస్థయందలి స్టీవ్ మ్యూంచి, ప్రమాణమునందలి కీ యను సాధనమునే యపూర్వముగా నుపయోగించి, ఏ పొడిగింపునకును జేయి చాఁపక ఆ పని చేయించెను. ఆ పద్ధతి యతని పేరనే ప్రసిద్ధి కెక్కినది. ఇది ప్రమాణపక్షమువారికి గొప్ప యాయుధమైనది. కాని మొదటిసారి చదువువాని కది సమాసముడి వంటిది. విప్పి చెప్పువాఁడు ప్రక్క నుండవలెను. ప్రమాణబద్ధమైనంత మాత్రమున సుబోధ మగునన్న నియమము లేదు.

1.0 కొఱఁతలను దీర్చుటకై కన్సార్షియమువారు ఎక్స్‌ఎస్‌ఎల్‌టి 1.1 ముసాయిదాను 2000 డిసెంబరులో వెలువరించిరి. చెట్టెక్కరాదను నిషేధము దానితోఁ దొలఁగినది. ఒకే పరుగునఁ బెక్కు గ్రంథములను వెలువరించుటకు డాక్యుమెంట్ అను నెలిమెంటు చేరినది. ఈ రెంటిని బట్టి యెవ్వరును గలహింపలేదు. కలహము స్క్రిప్ట్ అను నెలిమెంటును గుఱించి. జావా, ఎక్మాస్క్రిప్టు మొదలగు భాషలలోని ఫంక్షన్లను స్టైల్‌షీటునకు జోడించుట కేకరీతి పద్ధతిని గల్పింపవలెనని దాని యుద్దేశము. నిర్మాతలు తలకొక విధముగా స్క్రిప్టులను జేర్చుచునే యున్నారు. ఆపఁజాలని దానిని ఒక పద్ధతిలోనికిఁ దెచ్చుట మేలుగదా యని ప్రతిపాదకుల వాదము. తేలికగాఁ ద్రోసివేయఁదగిన వాదము గాదిది.

వాడుకరులలోఁ బెక్కురు దీనిని సహింపలేదు. 2001వ సంవత్సరారంభమున స్క్రిప్ట్ ఎలిమెంటును ముసాయిదానుండి తొలఁగింపవలెనని సంతకములతో నొక విజ్ఞప్తి బయలుదేఱెను. వారి వాదమునకుఁ బ్రాణము ఇంటిపేరే. జావా వ్రాసిన స్టైల్‌షీటు జావా లేని ప్రాసెసరునందు నడువదు. అది యెప్పుడును అంతియే. కాని నిన్నటివఱకు దానిమీఁద నిర్మాత యింటిపేరుండెను, చదువరికిఁ బ్రమాదము దెలియుచుండెను. రేపటినుండి దానిమీఁద ప్రమాణపు టింటిపేరుండును. ఒకచోట నడిచి మఱియొకచోట నడువని వస్తువు సర్వత్ర నడుచు వస్తువుల వేషము వేసికొనును. ఎక్స్‌ప్లోరర్ 5 కథను జూచియున్నవారికి ఈ భయము వృథాభయముగాఁ దోఁపలేదు. అందలి స్క్రిప్ట్ అను నెలిమెంటు పేరును బ్రమాణపు టింటిపేరునే ధరించి యుండెను గదా.

విజ్ఞప్తికిఁ దోడుగా, దానికంటె ఫలవంతమైన కార్య మొకటి ఆ దినములలోనే జరిగినది. జెనీ టెనిసన్ మొదలగు కొందఱు 2001 మార్చిలో ఎక్స్‌ఎస్‌ఎల్‌టి పొడిగింపుల కొక యుమ్మడి కూటమిని నెలకొల్పి దానికి ఈఎక్స్‌ఎస్‌ఎల్‌టి యని పేరిడిరి. అది యే నిర్మాతదియుఁ గాదు, కన్సార్షియముదియుఁ గాదు. నోడ్-సెట్టునకు ఒక యుమ్మడి యింటిపేరు దొరకినది. గణితము, తేదీలు, అక్షరమాలికలు, సమూహములు, వీని కొక్కొక్కదానికి నొక్కొక్క శాఖ యేర్పడినది. అన్నిటిలో ముఖ్యమైనది ఫంక్షన్ల శాఖ: పరభాషలోఁ గాక, ఎక్స్‌ఎస్‌ఎల్‌టిలోనే ఫంక్షన్లను వ్రాసికొను పద్ధతి నది కల్పించినది. స్క్రిప్ట్ వద్దనినవారు వద్దని యూరకుండక, దాని యవసరమునే చాలవఱకుఁ దగ్గించి చూపిరి. గ్నోమ్ వారి లిబ్‌ఎక్స్‌ఎస్‌ఎల్‌టియు, సాక్సనును, జాలనును దీనిని స్వీకరించినవి. మైక్రోసాఫ్టు బ్రౌజరు మాత్రము స్వీకరింపలేదు. దానికొఱకు, ఆ సంస్థవారి స్క్రిప్టు పొడిగింపుతోనే ఉమ్మడి యింటిపేరుగల నోడ్-సెట్టును గల్పించు కిటుకును వాడుకరులు కనిపెట్టిరి.

ఎక్స్‌ఎస్‌ఎల్‌టి 1.1 ముసాయిదా 2001 ఆగస్టు 24 నాఁటి ప్రతితో నిలిచిపోయెను, పనియంతయు 2.0 కు మరలింపఁబడెను. అయినను ఎక్స్‌ప్లోరర్ 5 కథ కొంచెముగాఁ బునరావృత్తమైనది. సాక్సన్ 6వ శాఖయందు స్టైల్‌షీటు తలపైఁ 1.1 అని వ్రాసినచో నోడ్-సెట్టుతోఁ బనిలేక చెట్టెక్కుట కనుమతి గలదు. చనిపోయిన ముసాయిదా సంఖ్యను దలపై దాల్చిన స్టైల్‌షీట్లు దీనివలనఁ గొన్ని మిగిలినవి.

ఈ భేదములన్నియు నొకచోటఁ గూడి కనఁబడవలెనన్న డాక్‌బుక్ స్టైల్‌షీట్లను జూడవలెను. డాక్‌బుక్ అనునది ముఖ్యముగా సాంకేతికగ్రంథములకై యేర్పడిన ఎక్స్‌ఎమ్‌ఎల్ పదజాలము. నార్మన్ వాల్ష్ వ్రాసిన స్టైల్‌షీట్లు దానితోడివి. ఒక పెద్దగ్రంథమును బ్రకరణముల వారిగా వేఱువేఱు పుటలుగాఁ గోయునట్టి భాగ మందొకటి గలదు. 1.0 ప్రమాణమున నొక పరుగునకు నొక గ్రంథమే వెలువడును; కావున పొడిగింపు లేక కోఁత సాగదు. ఆ భాగము ప్రాసెసరును వరుసగాఁ బ్రశ్నించును: ఉమ్మడి యింటి డాక్యుమెంట్ నీకుఁ గలదా? లేనిచో సాక్సన్ ఇంటి యౌట్‌పుట్ గలదా? అదియు లేనిచో జాలన్ ఇంటి రీడైరెక్ట్ గలదా? ఏదియు లేదన్నచో, ఫలానా నిర్మాత ప్రాసెసరుతో నీ పని చేయరాదని నిర్మాత పేరుతో సహా చెప్పి యాఁగిపోవును. ఇది వికారముగా నున్నదనుట నిజము. ఒకే యర్థమునకు మూఁడు పాఠాంతరములు. కాని పాఠపరిష్కర్తలకు దీనియందలి మర్యాద కనఁబడకపోదు. ఏ పాఠ మే ప్రతిలోనిదో యందు స్పష్టముగా వ్రాసియున్నది. అవసరము తీఱిననాఁడు ఆ పంక్తిని గొట్టివేసినఁ జాలును.

పుటాకల్పనమునందును నిట్లే జరిగినది. పిడిఎఫ్ పుస్తకమునకుఁ బ్రక్కనఁ గనఁబడు విషయసూచిక నుండఁజేయుట కెక్స్‌ఎస్‌ఎల్ 1.0 నందు మార్గము లేదు. అపాచీవారి ఎఫ్ఓపి, రెండర్‌ఎక్స్ వారి ఎక్స్‌ఈపి, యాంటెన్నా హౌస్ వారి ఫార్మాటరు, ఈ మూఁడును దమ యింటిపేర్లతో మూఁడు విధములైన పొడిగింపులను గల్పించినవి. డాక్‌బుక్ స్టైల్‌షీట్లలో నీ మూఁడింటికిని మూఁడు మీటలు. 2006 డిసెంబరున ఎక్స్‌ఎస్‌ఎల్ 1.1 సిఫారసు ఆ సూచికను బుక్‌మార్కుల పేరఁ బ్రమాణములోఁ జేర్చెను.

పొడిగింపు ప్రమాణమగు రీతిని సాక్సన్ చరిత్రమున విశదముగాఁ జూడవచ్చును. దాని కర్త మైకేల్ కే. గుంపులుగాఁ గూర్చు గ్రూప్, స్వంతఫంక్షన్లను గల్పించు ఫంక్షన్, పెక్కు పత్రములను వెలువరించు ఔట్‌పుట్, ఈ మూఁడును మొదట సాక్సన్ ఇంటివే. 2007 జనవరి 23న సిఫారసైన ఎక్స్‌ఎస్‌ఎల్‌టి 2.0 నందు వీనికి సమానమైనవి ప్రమాణపు టింటిపేరుతోఁ జేరినవి; చెట్టెక్కరాదను నిషేధము నాఁటితో ముగిసినది. నడుచుచుండఁగా నెక్స్‌పాత్ వాక్యమును గట్టి లెక్కించు ఇవాల్యుయేట్, దోషమును బట్టుకొను ట్రై, అంచెలంచెలుగాఁ బనిచేయు ఇటరేట్, ఇవియు సాక్సన్ ఇంటఁ బుట్టి, 2017 జూన్ 8 నాఁటి 3.0 ప్రమాణమునఁ బ్రవేశించినవి. 2.0, 3.0 రెండింటికిని సంపాదకుఁడు మైకేల్ కే యే. ప్రాసెసరు నమ్ముకొనువాఁడే ప్రమాణము వ్రాయుట తగునా యని సంశయించువారు గలరు. ఆ సంశయము సహజమే. కాని సాక్సన్ ఇంటఁ బుట్టినది ప్రమాణములోనికి వచ్చినప్పుడు పేరును, వాక్యవిధానమును మాఱి వచ్చినదేగాని, పాత యిల్లు యథాతథముగాఁ దరలిరాలేదు. పాతపేరుతో వ్రాసిన స్టైల్‌షీటు పాతదని చూచిన వెంటనే తెలియును. ఎక్స్‌ప్లోరర్ 5 ఇవాల్‌కు లేనిది యీ గుణమే.

1999 నుండి 2007 వఱకు ఎనిమిదేండ్లు. ప్రమాణ మింత యాలస్య మగునప్పుడు నిర్మాతలు చేతులు ముడుచుకొని కూర్చుండవలెనా యన్న ప్రశ్న సమంజసమైనది. ప్రమాణపు టాలస్యమును దెలుఁగు లిపియే యనుభవించి యున్నది. ఎక్స్‌ఎమ్‌ఎల్ 1.0 మొదటి నాలుగు కూర్పులును, గుఱుతుల పేర్లలో వాడఁదగిన యక్షరములను యూనికోడ్ 2.0 నాఁటి వరుసను బట్టి జాబితాగా వ్రాసి పెట్టినవి. తెలుఁగక్షరములు చాలవఱకు నందుఁ గలవు. కాని దంత్యములైన ౘ, ౙ యక్షరములు యూనికోడునఁ జేరినది 2008లో, 5.1 కూర్పునందు. కావున వానిని బాఠమున నెక్కడనైన వ్రాయవచ్చును గాని, గుఱుతు పేరున వ్రాసినచో ప్రమాణమును బాటించు ప్రాసెసరు నిరాకరింపవలసినదే. ఈ కొఱఁతను దీర్చుటకు 2004లో వచ్చిన ఎక్స్‌ఎమ్‌ఎల్ 1.1 ను స్వీకరించినవారు కొలఁదిమంది. 2008 నవంబరు 26 నాఁటి ఐదవ కూర్పు 1.0 నందలి జాబితానే సడలించి యీ యడ్డును దొలఁగించెను. ఇంకొకవైపు, యూనికోడునకు ముందు తెలుఁగు ఫాంటుల నిర్మాతలు ఎవరికి వారు స్వంతసంకేతములను వాడిన కాలము ముద్రణాలయములవారికి మఱపునకు రాదు. ఒక ఫాంటునఁ గూర్చిన పుస్తకమును వేఱొక ఫాంటునఁ దెఱచినచో నర్థములేని యక్షరముల వరుస కనఁబడెడిది. ఆ సంకేతములకు ఇంటిపేరు లేదు; అన్నియు నొకే యంకెలను వాడుకొన్నవి. పాఠమును జూచి యది యే నిర్మాత సంకేతమో యూహింపవలసి వచ్చుట యందువలననే.

బ్రౌజరులు ఎక్స్‌ఎస్‌ఎల్‌టి 1.0 ను దాఁటి 2.0 కుఁ బోలేదు. 2025లో క్రోమ్ నిర్మాతలు ఆ 1.0 ను సైతము తమ బ్రౌజరునుండి తొలఁగింపనున్నట్లు ప్రకటించిరి. ముద్రణశాలలయందును గ్రంథభాండారములయందును భాష కొనసాగుచున్నది. ఎక్స్‌ప్లోరర్ 5 నాఁటి స్టైల్‌షీట్లను బ్రమాణమునకు మార్చుట కొక సాధనమును మైక్రోసాఫ్టువారే ప్రకటించి యుండిరి. ఆ సాధనము తానును ఎక్స్‌ఎస్‌ఎల్‌టి 1.0 నందు వ్రాసిన స్టైల్‌షీటే. చిరునామా మార్చుట, ఆర్డర్-బై స్థానమున సార్ట్ ఉంచుట, లోపించిన నియమములను బూరించుట, ఇవి యంత్రము చేయఁగల పనులు. ఇవాల్ లోపలి స్క్రిప్టునకు మాత్రము ప్రమాణమునఁ జోటు లేదు. దానిని మైక్రోసాఫ్టు ఇంటిపేరుగల స్క్రిప్టు పొడిగింపులోనికిఁ దరలింపవలెను, లేదా యెవరైన నొకరు కూర్చుండి చదివి, వ్రాసినవాని యుద్దేశము గ్రహించి, మరల వ్రాయవలెను.